ఎడమకు చూసిన జింక

పోయిన నెల ఒక ఆదివారం పెనుకొండ కొండ ఎక్కాను. మోకాళ్లు వద్దు వద్దంటుంటే ఈ వయసులో నీకెందుకీ పని అని ఇంట్లో అందరూ తిట్టారు. ఫిల్ము కెమెరాల పిచ్చి పట్టిన కుర్రకారు పదిమంది, హిందూపురం వాళ్లు కొందరు, బెంగళూరు వాళ్లు కొందరు, కోట గోడల దగ్గర ఫొటోలు తీసుకుంటామనీ, డబ్బాతో కెమెరా చేయడం చూపించాలనీ నన్ను పిలిచారు. ఫోనులో చిటికెలో వంద ఫొటోలు పడే రోజుల్లో, ఒక్క ఫొటో కోసం రాతి మీద డబ్బా పెట్టి పావుగంట ఊరికే కూర్చునే మనుషులు ఇంకా ఉన్నారంటే నాకు ముచ్చటేసింది. వెళ్లకుండా ఎలా ఉంటాను?

అంతా బాగానే జరిగింది. తెచ్చుకున్న సద్ది విప్పి తింటున్నప్పుడు ఒక అమ్మాయి అడిగింది. "మేడమ్, మీరు తీసిన మొదటి మంచి ఫొటో ఏది? మాకు చూపిస్తారా?"

"అదెప్పుడో చెదలు తినేసిందమ్మా" అన్నాను.

చెదలూ లేవు, గిదలూ లేవు. ఆ ఫొటో నా బీరువాలో పట్టుచీరల అడుగున భద్రంగా ఉంది. అబద్ధం నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని కొండ దిగేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను. హిందూపురం వచ్చి, స్నానం కూడా చేయకుండా దాన్ని తీసి చూసుకున్నాను. పెళ్లయి వచ్చాక ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్లు దాచాను. దాచి ఏం బావుకున్నానో నాకే తెలియదు. ఇప్పుడు చెప్తాను.

మాది ధర్మవరం. మా వీధిలో అన్నీ మగ్గాల ఇళ్లే. తెల్లారితే సోడా నీళ్లలో ఉడికే పట్టు వాసన, గంజి వాసన, ఆ రెండిటి మధ్య ఎవరింట్లోనో బొరుగుల ఉగ్గానికి పెట్టే తాలింపు వాసన. మా ఇంట్లో రెండు గుంత మగ్గాలుండేవి. నేలలో తవ్విన గుంతలో కాళ్లు దించి కూర్చుని నేసేవి అవి. ఒకదాని మీద నాయన నేసేవాడు. రెండోదాని మీద ఆమడగూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన నేసేవాడు. వానలు లేక చేను ఎండిపోతే ఊరొదిలి వచ్చి నేత నేర్చుకున్నాడు. మాకు చుట్టం కాదు. నేను అన్నా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం మాతోనే కూర్చుని సంగటి తినేవాడు. మా అవ్వ నూరే చెనిక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, అంటే ఆయనకు ప్రాణం. "అవ్వా, ఇంకొంచెం యెయ్యి, పొద్దుగూకులూ మగ్గం తొక్కల్ల గదా" అనేవాడు. అవ్వ తిడుతూనే వేసేది.

అమ్మ తమ్ముడు, అంటే మా మామ, హిందూపురంలో ఒక స్టూడియోలో ఫొటోలు కడిగేవాడు. ఆదివారం పొద్దున రైల్లో వచ్చేవాడు. ఆయన చేతులు ఎన్నిసార్లు తోముకున్నా ఒక పులుపు వాసన వదిలేది కాదు. ఇంట్లో అందరూ ముక్కు మూసుకునేవాళ్లు. నేను మాత్రం ఆ చేతులు పట్టుకుని వాసన చూసేదాన్ని. ఫొటో కాగితం కడిగే మందు అదని తెలిశాక ఇంకా ఇష్టమైపోయింది.

పాలపొడి డబ్బా కెమెరా మామే నేర్పించాడు. డబ్బా లోపల దీపం మసి పూయాలి. ఒక పక్క చిన్న కంత కోసి, దాని మీద టూత్‌పేస్టు ట్యూబు రేకు అతికించి, ఆ రేకుకు సన్నని సూదితో ఒక్క పోటు పొడవాలి. అంతే, అద్దం లేదు, మీట లేదు. స్టూడియోలో మిగిలిన కాగితం ముక్కలను మామ నల్ల సంచిలో చుట్టి తెచ్చేవాడు. బొంత కప్పుకుని, ఆ చీకట్లో తడుముకుంటూ కాగితాన్ని డబ్బాలో పెట్టేదాన్ని. రేకు మీద నల్ల టేపు తీస్తే ఫొటో మొదలు, అంటిస్తే ముగింపు. తర్వాత డబ్బా హిందూపురం పోయేది. మామ కడిగి మరుసటి ఆదివారం తెచ్చేవాడు.

"రెండు సంగతులు గుర్తు పెట్టుకో" అన్నాడు మామ మొదటి రోజే. "కదిలేది ఏదీ దీంట్లో పడదు. ఇంకోటి, ఈ కాగితం మీద కుడి ఎడమ అయితాది, తెలుపు నలుపైతాది. సక్రమంగా కావల్లంటే దీని మీద ఇంకో కాగితం పెట్టి మళ్లీ అచ్చు తియ్యల్ల."

ఎండలో గింజలు తినే కోళ్లను తీస్తే కోళ్లు లేని వాకిలి వచ్చింది. అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి కదలొద్దని ఒట్టు వేయించుకుంటే, వక్కాకు నములుతూ కూర్చుంది. ఫొటోలో చీర ఉంది, చేతులున్నాయి, మూతి లేదు. "పోయినోళ్ల ఫొటో గూడా ఇంతకంటే మేలుగా ఉంటాది గదే" అని అవ్వ నన్ను వీధంతా తరిమింది. నాకు పదమూడేళ్లప్పటి మాట.

ఆ ఏడు ఎండాకాలం ముగుస్తుండగా శావుకారు మా ఇంటికి వచ్చాడు. పట్టూ, జరీ, డిజైనూ ఆయనే ఇస్తాడు, నేసిన చీరలు ఆయనే తీసుకుంటాడు. మా వీధిలో సగం మగ్గాలు ఆయన మీదే ఆడేవి. చంకలో ఒక పెద్ద కాగితం చుట్ట పెట్టుకుని వచ్చి, తలుపు దగ్గరికి వేయించి, నాయన ముందు దాన్ని పరిచాడు. గడుల కాగితం. దాని మీద చాటంత జింక. పూలతీగ మీద నాలుగు కాళ్లూ ఆనించి నిలబడి, మెడ కుడికి తిప్పి చూస్తోంది. రెండు కొమ్ముల నడుమ ఒక పువ్వు. కొంగు నిండా అవే జింకలు రావాలి. ఒక పెద్దింటి పెళ్లికి మూడు చీరలు.

"మూడూ నేసి, కోసి, అమ్మోరి ముందర పెట్టేదాకా ఇది ఇంకో కంటికి కనపడగూడదప్పా" అన్నాడు శావుకారు.

ఇది మా వాళ్లలో కొత్త మాటేం కాదు. కొత్త డిజైను మగ్గం మీద ఉన్నన్నాళ్లు మగ్గాల గదిలోకి చుట్టాలు కూడా రారు. తలుపుకు పాత దుప్పటి కడతారు. నేత పూర్తయి పడుగు కోసిన రోజు మొదటి చీర అమ్మవారి ముందు పెట్టి పసుపు కుంకుమ వేశాక గానీ బయటికి పోదు. ఆ లోపల వేరే వాళ్లు అదే డిజైనుతో చీర తెచ్చారంటే నేసిన ఇంటికి మాట పోతుంది. మాట పోయిన ఇంటికి ఇంక ఏ శావుకారూ మంచి పని ఇవ్వడు.

డిజైను ప్రకారం బెజ్జాలు కొట్టిన అట్టలు వచ్చాయి. వాటిని వరసగా దారంతో కుట్టి మగ్గం పైన ఎక్కించింది అన్నే. తప్పు పోతే చూసుకోవడానికి ఆ గడుల కాగితాన్ని నాయన మగ్గం వెనక గోడకు మేకులతో కొట్టుకున్నాడు. నాకు మాత్రం ఒకే హెచ్చరిక. "పాపా, నీ డబ్బా ఈ గదిలోకి తేవద్దు. చీరలు కోసినంక నీ ఇష్టం."

వినుంటే ఎంత బాగుండేది! కానీ ఆ ముందటి ఆదివారమే మామ నా చెవిలో ఒక మాట వేసి పోయాడు. "మంచి ఫొటో ఒక్కటి తియ్యి, స్టూడియో ముందర అద్దాల బీరువాలో పెడతా." అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. మంచి ఫొటో అంటే నాకు తెలిసింది ఒక్కటే, మగ్గం మీద నాయన. తూర్పు కిటికీలోంచి పడే ఎండలో వంగి, దారం మోసే నాడె విసిరి, పట్టి, మళ్లీ విసిరే నాయన. నేను తీయాలనుకున్నది ఆయన్నే. గోడ మీద కాగితం ఉందని నాకు తెలుసు, కానీ దాన్ని నేను చూడనే లేదు. ఈ మాట నమ్మితే నమ్మండి.

ఒక పొద్దున గూట్లో నూనె గిన్నెల మధ్య డబ్బా పెట్టి, టేపు లాగేసి బడికి పోయాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు టేపు అంటించి, బొంతలో చుట్టి తెచ్చుకున్నాను. ఎవరూ చూడలేదు.

ఆ ఆదివారం మామ రాలేదు. అన్న వాళ్ల అక్కను చూడటానికి హిందూపురం పోతున్నాడని తెలిసి, వీధి మలుపులో కాపు కాసి డబ్బా చేతికిచ్చాను.

"మా మామకు ఇయ్యన్నా. ఇంట్లో మాత్రం చెప్పొద్దు. ఒట్టు?"

"ఏముండాది దీంట్లో?"

"కాగితం."

"కాగితానికేనా ఇంత భయం!" అని నవ్వి, నా తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. డబ్బాను తువ్వాల్లో చుట్టుకుని పోయాడు.

రెండు వారాల తర్వాత మామ ఫొటో తెచ్చిచ్చాడు, మళ్లీ అచ్చు తీయని మొదటి కాగితమే. పదిహేను రోజులూ అద్దాల బీరువాలో పెట్టాననీ, వచ్చినవాళ్లు ఆగి చూశారనీ చెప్పి నా వీపు తట్టాడు. ఫొటో చూసి నాకు ఏడుపొచ్చింది. మగ్గం ఉంది, తాళ్లున్నాయి, కిటికీ ఉంది. నాయన లేడు. ఆయన కూర్చునే చోట పొగలాంటిది ఏదో ఉంది. పొద్దుటి నుంచీ ఒక్క క్షణం ఆగకుండా నేసిన మనిషి కాగితం మీద పడలేదు. వెనక గోడ మీది జింక మాత్రం స్పష్టంగా పడింది. కాళ్ల దగ్గర మగ్గం అడ్డకర్ర వచ్చి, కాళ్లూ తీగా కనిపించలేదు. మిగతా అంతా ఉంది, కొమ్ముల నడుమ పువ్వుతో సహా. జింక ఎడమకు చూస్తోంది.

అప్పుడైనా నాకు భయం వేయలేదు. నాయన రాలేదన్న బాధ ఒక్కటే. ఫొటోను సాంఘిక శాస్త్రం పుస్తకంలో దాచుకున్నాను.

మూడో చీర సగంలో ఉండగా శావుకారు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చాడు. అప్పుడే మేమందరం సంగటి ముద్దల ముందు కూర్చున్నాం. చేతిలోని చీరను విదిలించి నాయన ఒడిలో వేశాడు.

"ఇది చూడప్పా. హిందూపురం పక్క ఊరోళ్ల చీర. నిన్నటి నుంచి బజార్లో ఉండాది."

కొంగు నిండా జింకలు. కొమ్ముల నడుమ పువ్వు. నాయన తినే చేత్తో ముట్టుకోకుండా ఎడమ చేత్తోనే కొంగు ఎత్తి చూశాడు.

"మనది కుడికి చూస్తాది సామీ. ఇది ఎడమకు చూస్తాండాది. కాళ్లు తీసేసి ఆకులు పెట్టినారు."

"దొంగ తెలివి" అన్నాడు శావుకారు. "అట్టలు తిరగేసి కుడితే జింక ఎడమకు రాదూ? ఎవురూ కనిపెట్టకుండా తిప్పినారు. అట్టల సంగతి తెలిసినోడే చెప్పుండల్ల." ఆయన చూపు అన్న మీద నిలిచింది. "అట్టలు కుట్టింది ఎవురు?"

"నేనే సామీ."

"నడుమ హిందూపురం పోయినావంట. ఏంటికి పోయినావు?"

"మా అక్కను చూసేకి."

"అంతేనా? చేతిలో ఏందో మూట ఉండె అంటారే?"

అన్న తలెత్తాడు. నేను తలుపు పక్కన, కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి నన్ను చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"అక్క పిల్లోళ్లకు బొరుగులు సామీ" అన్నాడు.

ఆ క్షణంలో నాకు అంతా తెలిసిపోయింది. ఎడమకు తిరిగింది ఎందుకో, కాళ్లు ఎందుకు లేవో. ఆ ఊరి నేతగాడెవడో స్టూడియోకి ఫొటో తీయించుకోవడానికి వచ్చి, అద్దాల బీరువా ముందు నిలబడి, నా జింకను కళ్లతో తాగి పోయాడు. కాళ్లు కనిపించలేదు కాబట్టి ఆకులు వేసుకున్నాడు. నోరు తెరిస్తే చాలు. తెరవలేకపోయాను. నాలుక మీద సంగటి అలాగే ఉంది, మింగలేదు, ఉమ్మలేదు.

"ఈ పొద్దుతో ఈని మగ్గం ఆపల్ల" అని శావుకారు వెళ్లిపోయాడు. అన్న చెయ్యి కడుక్కుని, మగ్గం దగ్గరికి పోయి తువ్వాలు తెచ్చుకున్నాడు. కంచంలో సగం ముద్ద మిగిలింది. "తిని పోరా" అంది అవ్వ. ఆయన ఆగలేదు.

సాయంత్రం నాయన ఒక్కడే మగ్గం మీద ఉన్నప్పుడు పుస్తకం తీసుకుని పోయి గుంత పక్కన కూర్చున్నాను. ఫొటో తీసి ఇచ్చాను. తడబడుతూ అంతా చెప్పాను. నాడె ఆగిపోయింది. కిటికీ దగ్గర పట్టుకుని ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఈ సంగతి ఇంకెవురికన్నా చెప్పినావా?"

"లేదు నాయనా."

"అయితే నాకూ చెప్పలేదు."

నాకు అర్థం కాలేదు.

"పాపా, ఇది మన ఇంట్లోంచి పోయిందంటే రెండు మగ్గాలూ పోతాయి. ఆ పిల్లోనికి ఆమడగూర్లో చేనన్నా ఉండాది. మనకేముండాది?" ఫొటోను నా పుస్తకంలో ఆయనే పెట్టి, పుస్తకం మూశాడు. మళ్లీ నాడె విసిరాడు. పక్క గదిలో అవ్వ కండెలు చుట్టే రాట్నం ఆగి ఉందని, ఆయన నాడె మొదలయ్యాకే అది కూడా మొదలయిందని నాకు అప్పుడు వినిపించింది. అవ్వ అంతా వింది.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ అలవాటు చొప్పున అన్న కంచం కూడా వేసింది. వేశాక గుర్తొచ్చింది కాబోలు, తీయబోయి, తీయకుండా వదిలేసింది. ఖాళీ కంచం మధ్యలో పెట్టుకుని అందరం తిన్నాం. మూడో రోజూ అంతే. ఊరిబిండి ఎవరూ మళ్లీ అడగలేదు.

నాలుగో రోజు బడికి పోతున్నాను. పక్క వీధిలో ఒక మగ్గాల ఇంటి ముందు అన్న నిలబడి ఉన్నాడు. నూనె రాసుకుని తల దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పని అడగడానికి వచ్చాడు. లోపలి మనిషి మాటైనా మాట్లాడకుండా తలుపు వేశాడు. వేసి, దానికి దుప్పటి కట్టిన చప్పుడు కూడా నాకు వినిపించింది. అన్న వెనక్కి తిరిగి నన్ను చూశాడు. పరువు పోయిన మనిషి ముఖం తిప్పుకుంటాడు గదా. ఆయన నవ్వాడు.

"బడికా పాపా?" అన్నాడు.

నేను బడికి పోలేదు. పరుగెత్తాను. శావుకారు అంగడి దాకా ఎక్కడా ఆగలేదు.

శావుకారు అంగట్లో చీర భుజాన వేసుకుని చూసుకోవడానికి నిలువుటద్దం ఉంది. ఆయన పరుపు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. రొప్పుతూ నిలబడి, పుస్తకంలోంచి ఫొటో తీసి ఆయన ముందు పెట్టాను. "జింకను దొంగిలించింది అన్న కాదు. నేను" అన్నాను.

నేను చెప్పేది ఆయనకు సగం కూడా బుర్రకెక్కలేదు. డబ్బా ఏంది, కాగితం ఏంది, ఎడమ కావడం ఏంది అని విసుక్కున్నాడు. మనిషిని పంపి నాయనను పిలిపించాడు. గడుల కాగితం కూడా తెమ్మన్నాడు. నాయన వచ్చే లోపల కూర్చోబోతే "నిలబడు" అన్నాడు.

నాయన వచ్చాడు. నన్ను చూసి గడపలోనే ఆగిపోయాడు. తర్వాత వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఆయన ఒంటి నుంచి గంజి వాసన వస్తోంది.

నేను ఫొటో ఎత్తి అద్దానికి చూపించాను. "అద్దంలో చూడు సామీ." అద్దంలో జింక కుడికి చూస్తోంది. గడుల కాగితం మీద జింక కుడికే చూస్తోంది. అద్దం వదిలి ఫొటోను నేరుగా చూస్తే ఎడమకు, ఆ దొంగ చీర మాదిరిగా. "ఇక్కడ మగ్గం కర్ర అడ్డం వచ్చింది, కాళ్లు పడలేదు. అందుకే ఆ చీరలో కాళ్లు లేవు. అన్న చెప్పింటే కాళ్లు గూడా చెప్పడా? అట్టల్లో కాళ్లుండాయి గదా సామీ?"

శావుకారు చీర తెప్పించి చూశాడు. ఫొటో చూశాడు. అద్దంలో చూశాడు. అంగట్లో పనివాళ్లు చుట్టూ చేరారు. ఆయన వాళ్లను కసిరి పంపేసి, నా వైపు వంగాడు. గొంతు తగ్గించాడు.

"ఈ సంగతి మీ నాయనకు తెలుసునా?"

అద్దంలో నాయన ముఖం నాకు కనిపిస్తోంది. ఆయన నన్ను చూడటం లేదు. నేల చూస్తున్నాడు. తెలుసు అంటే, తెలిసి కూడా ఒక మనిషిని దొంగను చేశాడని ఊరంతా అంటుంది. అబద్ధం చెప్తే ఇంతసేపు చెప్పిన నిజం మైల పడుతుందేమోనని ఇంకో భయం. శావుకారు మళ్లీ అడిగాడు.

"తెల్దు" అన్నాను. "నాయనకు తెల్దు సామీ. నేనెవురికీ చెప్పలేదు."

నాయన ఒక్క అడుగు ముందుకు వేస్తాడని ఎందుకో అనుకున్నాను. వేయలేదు.

శావుకారు చెడ్డవాడేం కాదు. అన్నను పిలిపించి, నలుగురిలో తప్పయిపోయిందని చెప్పి, తన షెడ్డులో మగ్గం ఇచ్చాడు. మమ్మల్ని మాత్రం క్షమించలేదు. మర్నాడు అట్టలు విప్పించాడు. మగ్గం మీదున్న పడుగు కోయమన్నాడు. సగం నేసిన పడుగు కోయడమంటే మా ఇళ్లలో చావు లాంటిది. వేరే వాళ్లు కోస్తామన్నా నాయన ఒప్పుకోలేదు, కత్తి తీసుకుని తానే కోశాడు. అవ్వ ఆ పొద్దు పొయ్యి వెలిగించలేదు. మామ విషయం తెలిసి వచ్చి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

తర్వాత రెండేళ్లు నాయన వేరే వాళ్ల ఇళ్లలో కూలికి నేశాడు. అన్న ఒకసారి మా ఇంటికి వచ్చాడు. అవ్వ పిలిచి కూర్చోబెట్టి, ఊరిబిండి నూరి పెట్టింది. తినేటప్పుడు నాతో అన్నాడు, "నేనూ గట్టిగా అడగలేదు పాపా ఏముండాదని. చెప్పింటే గూడా తీసుకపోయింటానేమో, నీ ముఖం చూసి." నాయన ఆ రోజు ఇంట్లో లేడు. అన్న వస్తున్నాడని తెలిసే బయటికి పోయాడు.

నాతో నాయన మాట్లాడకుండా ఏమీ ఉండలేదు. చదివించాడు, పెళ్లి చేశాడు, కాన్పులకు తీసుకొచ్చాడు. కానీ నాతో మాట్లాడేటప్పుడు ఆయన కళ్లు నా కళ్లతో కలిసేవి కావు. నా చేతిలో కెమెరా కనిపిస్తే లేచి వెళ్లిపోయేవాడు. నా వల్ల రెండు మగ్గాలు పోయాయనీ, ఆ కోపం ఆయనలో చల్లారలేదనీ అనుకున్నాను. నాకూ కోపం ఉండేది. పదమూడేళ్ల పిల్ల ఒక్కతే నిలబడి చెప్తుంటే ఒక్క మాట సాయం రాని తండ్రి ఏం తండ్రి అని. ఇద్దరం ముప్పై ఏళ్లు అలాగే గడిపాం.

చివరి రోజుల్లో ఆయన హిందూపురంలో నా దగ్గరే ఉన్నాడు. చేతి వేళ్లు మడత పడేవి కావు. నేనే కలిపి పెట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం ముద్ద నోటి దగ్గర పెడితే తినకుండా ఆపాడు. ఎన్నేళ్ల తర్వాతో నా కళ్లలోకి చూశాడు.

"ఆ పొద్దు శావుకారు అడిగినప్పుడు, నాయనకు తెలుసని చెప్పింటే బాగుండు పాపా."

ఏ పొద్దు అని నేను అడగలేదు.

"నీకు మాట వస్తాది నాయనా, అందుకే…"

"వచ్చింటే నాకు వచ్చేది. నాతో పాటే పోయేది" అన్నాడు. "నువ్వు నన్ను కాపాడినావు. నువ్వు నిలబడి అబద్ధం చెప్తాంటే నేను నీ యెనక నిలబడి విన్యా. ఆ పిల్లోనికి ముఖం చూపించలేకపోయినా. నీకూ చూపించలేకపోయినా."

ఇన్నేళ్లూ ఆయన నా మీద కోపంతో ఉన్నాడనుకున్నానే! ఆ మనిషి సిగ్గుతో తల దించుకుని తిరిగాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఒక్కసారి అడిగి ఉంటే ఏం పోయేది? ఇద్దరిలో ఎవరో ఒకరం అడిగి ఉంటే ముప్పై ఏళ్లు మిగిలేవి.

"ఇప్పుడు చెప్పినావు గదా నాయనా" అన్నాను. ముద్ద చల్లారిపోయింది. మళ్లీ కలిపి పెడితే, ఆ రోజు కడుపు నిండా తిన్నాడు.